పుక్కిట నీళ్ళు

గుండ్లమిట్టలో మౌనయ్య గుడి ఉంది. మౌనయ్య కొండ లేదు. కొండ ఉండాల్సిన చోట కొంత గొయ్యి, కొంత నిలువునా కోసిన రాతి గోడ మిగిలాయి. అద్దంకి నుంచి మార్టూరు వెళ్ళే బస్సులో పెద్దవాళ్ళు పాత అలవాటు కొద్దీ కిటికీలోంచి అటు చూసి చెయ్యెత్తుతారు. ఎత్తాక దేనికి దణ్ణం పెట్టాలో తెలియక ఆ చేత్తోనే తల గోక్కుంటారు.

కొండకూ గుడికీ ఒకటే పేరు రావడానికి ఊళ్ళో చెప్పుకునే కథ చిన్నది. ఎప్పుడో ఒక బైరాగి వచ్చి ఊరి చివర ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పొలం గట్టు తగాదాలో తన తరఫున సాక్ష్యం చెప్పమని ఊరి పెద్ద ఒకాయన ఆయన మెడ మీద కత్తి పెట్టాడట. బైరాగి బావి దగ్గరికి వెళ్ళి నోటినిండా నీళ్ళు పట్టుకుని కొండెక్కాడు. మళ్ళీ దిగలేదు. పైన ఆయన కూర్చున్న చోట మనిషంత బండ ఒకటి నిలబడి ఉండేది. అది మౌనయ్య బండ. తరవాతి వాళ్ళు కింద బావి పక్కన గుడి కట్టి, రాతి ముఖానికి వెండి కళ్ళు పెట్టారు. అదీ మౌనయ్యే.

నీళ్ళ ప్రమాణం అక్కణ్ణుంచే వచ్చింది. ఎవరి మీదైనా నింద పడితే, పుష్య అమావాస్య తిరనాళ్ళ రోజున గుడి బావి నీళ్ళు పుక్కిట పట్టి కొండెక్కాలి. వెనక ఒక సాక్షి నడుస్తాడు. పైన బండ పాదాన ఆ నీళ్ళు వదిలితే నింద పోతుంది. మింగినా, కారినా, నోరు తెరిచినా నింద నిజమవుతుంది. ఓడినవాళ్ళు మరుసటి ఏడు ఇంకొక్కసారి ఎక్కవచ్చు. పోలీసు స్టేషను తెలియని ఊరేం కాదు ఇది. పొలాల కేసులు అద్దంకి కోర్టులో ఏళ్ళ తరబడి నడుస్తుంటాయి. కాకపోతే కోర్టు నిర్దోషి అన్న మనిషిని ఊరు నమ్మకపోవచ్చు, మౌనయ్య దగ్గర నెగ్గిన మనిషిని మాత్రం వేలెత్తి చూపరు.

వెంకటరావమ్మ ఆ గుడి ఊడ్చే మనిషి. ఊళ్ళో అందరికీ రావమ్మ. ఆమె అత్తగారు కూడా అదే పని చేసి పోయింది. పొద్దున్నే గేటు తాళం తీసి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం, చింతపండుతో ఇత్తడి సామాను తోమడం, పూజారి గారు బుట్టకెత్తి గడప దగ్గర పెట్టిన వాడిన పూలను గుడి వెనక గుంటలో పారబోయడం. గర్భగుడి గడప దాటడానికి ఆమెకు వీల్లేదు. దీనికి ఆమెకు ముట్టేది ప్రసాదం అన్నం, తిరనాళ్ళకు ఒక చీర, ఆ రోజు కొండపైకి మొదటి బిందె మోసే గౌరవం. భర్త బోరు బండి మీద పనికి వెళ్ళి కరెంటు తీగ తగిలి పోయాడు. కూతురు హారికను ఆ అన్నంతోనూ మిరప కోతల కూలితోనూ పెంచింది.

మాట్లాడని దేవుడి గుడిలో పనిచేసే ఈవిడకు నోరు మూతపడేది కాదు. రెండు చేల అవతల మేకలు పైరులో పడితే ఇక్కణ్ణుంచే కేక వేసి తోలేది. ఎగతాళికి ఎవరినీ వదిలేది కాదు. ఒక ఏడు పేరయ్య అనే పొగాకు ఆరబెట్టే బారెన్‌కు కాపలాదారు మోటారు దొంగతనం నింద మీద కొండెక్కాడు. సగం మెట్లలో దగ్గు వచ్చి నీళ్ళు మింగేశాడు. అతను దిగి వస్తుంటే అందరికంటే ముందు నవ్వింది రావమ్మే. "ఏం పేరయ్యా, దాహమేసిందా?" అంది. గుటకల పేరయ్య అన్న పేరు ఆ పూటే పుట్టింది. అతను పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని పొదిలి వెళ్ళిపోయాడు. ఆ మోటారు తరవాత ఎవరి చేలో కనపడిందో ఊరికి తెలుసు. పేరు మాత్రం పేరయ్య వెంట పొదిలి దాకా వెళ్ళింది.

తరవాత ఒక ఏడు కార్తీకం ఆఖరి సోమవారం గుడిలో అభిషేకం జరిగింది. మర్నాడు పూజారి జానకిరామయ్య గారు తలుపు తీసేసరికి మౌనయ్యకు కుడి కన్ను లేదు. వెండి కళ్ళను మైనంతో అతికిస్తారు. అతికించింది ఆయనే, అలంకారం చేసింది ఆయనే, రాత్రి పూలు తీసింది కూడా ఆయనే. గుడి కమిటీ ప్రెసిడెంటు బుల్లయ్యకు కబురు వెళ్ళింది. మిరప, పత్తి వేసే పెద్ద రైతు. గొంతూ పెద్దదే.

"నేను ఎవరినీ అనడం లేదండీ," అన్నారు జానకిరామయ్య గారు. "పొద్దున్నే గుడిలో మసిలేది నేనూ, రావమ్మా. అంతవరకే చెబుతున్నాను."

బుల్లయ్య రావమ్మ వైపు తిరిగాడు. "ఏమే, దేవుడి కన్ను ఏం చేశావ్?"

"నా కళ్ళకే మసకలు కమ్మి చస్తన్నా. ఆయన కన్ను నాకెందుకు బుల్లయ్యన్నా? పెట్టుకుంటే కనపడిద్దా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది.

"దేవుడి కన్ను పోయి మేం ఏడుస్తంటే దీనికి పరాచికంగా ఉంది. చూశారా? తీసిన మనిషికి గాకపోతే ఇంత ధైర్యం ఎక్కడిది?" అన్నాడు బుల్లయ్య.

ఆమె ఇల్లు వెతికారు. బియ్యం డబ్బా బోర్లించారు, దుప్పట్లు దులిపారు. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి అప్పుడే అమ్ముకుందన్నారు.

మాట మార్టూరు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. హారికను ఇచ్చింది ఆ ఊరే. అల్లుడు చైతన్యకృష్ణ అక్కడ గ్రానైటు యూనిట్లో పాలిష్ మిషను నడుపుతాడు. హారికకు అప్పుడు అయిదో నెల. ఏడో నెలలో పురిటికి తెచ్చుకోవాలని రావమ్మ నులకమంచం కొత్తగా అల్లించి పెట్టుకుంది. వియ్యపురాలు అచ్చాయమ్మ ఫోను చేసింది.

"వదినా, దొంగతనం మాటపడ్డ ఇంటికి నా కోడల్ని పురిటికి ఎట్టా పంపను? పుట్టేది మా ఇంటి బిడ్డ."

"నేను తీయలేదు వదినా. నా బిడ్డ మీద ఒట్టు."

"ఆ ఒట్లు నాకెందుకు? మీ మౌనయ్య కాడ తేల్చుకో. కొండెక్కి నీళ్ళొదిలి రా, నేనే దగ్గరుండి బండెక్కించి పంపుతా."

రావమ్మకు గుండె మీది బరువు దిగినట్టయింది. ఆమె ఆ కొండను నమ్మింది. పేరయ్యను చూసి నవ్వినప్పుడు ఎంత నమ్మిందో ఇప్పుడూ అంతే నమ్మింది. "అమావాస్య రానీ," అని ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ చెప్పింది. "ఆ బండ కాళ్ళ మీద నీళ్ళు పోసి దిగొచ్చి ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి తిడతా. అప్పటిదాకా దాచుకుంటన్నా." ఇంట్లో నీళ్ళు పుక్కిట పట్టి అంట్లు తోముతూ, ఊడుస్తూ అలవాటు చేసుకుంది. ఈ పూటయినా ప్రశాంతంగా ఉందని పక్కింటివాళ్ళు నవ్వుకున్నారు.

అప్పటికే కొండ పడమటి సగం క్వారీ కింద పోయింది. తూర్పున మెట్ల దారి మిగిలింది. తిరనాళ్ళ రోజున పేలుళ్ళు ఉండవని కాంట్రాక్టరు కమిటీకి మాటిచ్చాడు. అమావాస్య నాడు కింద మైకులు, రంగులరాట్నం, జీళ్ళ అంగళ్ళు, జనం. ప్రమాణం అయ్యేదాకా ఇంకెవరూ కొండ ఎక్కరు. రావమ్మ తలంటు పోసుకుని వచ్చి, చేద నీళ్ళు దోసిట్లో పట్టి నోరు నింపుకుంది. సాక్షిగా బుల్లయ్యే బయల్దేరాడు.

ఆమె చకచకా ఎక్కింది. బుల్లయ్యది భారీ మనిషి, పైగా సుగరు. ఆయాసపడుతూ వెనక నుంచి కవ్విస్తూనే ఉన్నాడు.

"నిదానంగా పోవే, ఎవరో తరుముతున్నట్టు. దొంగబుద్ధి నడకలోనే తెలిసిపోద్ది."

ఆమె వెనక్కి తిరగలేదు.

"మాట్లాడవేం? మౌనయ్య నీ నోరు మూయించాడంటే గొప్ప దేవుడే. నాకు ఇన్నేళ్ళల్లో చేతకాలా."

ఆమె మోచేయి వెనక్కి విదిలించి చూపించింది. బుల్లయ్య పకపకా నవ్వాడు.

పైకి చేరేసరికి ఆయన ఫోను మోగింది. గుంటూరు మిరప యార్డు నుంచి కమిషను వ్యాపారి. సిగ్నల్ సరిగా అందక ఆయన దారి వదిలి పడమటి అంచుకు నడిచాడు. ఒక చెవిలో వేలు పెట్టుకుని, రెండో చెవికి ఫోను ఆనించి అరుస్తున్నాడు. "తెల్లబడ్డ తాలుకాయ ఎక్కడిదయ్యా? మొత్తం తేజ రకం కాయ! ఎర్రగా నిప్పులాగా ఉంటే తాలంటావేంది?"

అప్పుడు కింద క్వారీలో సైరన్ మోగింది. రంధ్రాల్లో మందు ముందురోజే కూరేశారట, దాన్ని అలా ఉంచడం కుదరదట. కింద జనానికి మైకుల హోరులో వినపడలేదు. ఎర్రజెండాలు పట్టుకున్న మనుషులు పరిగెత్తడం రావమ్మకు పైనుంచి కనపడింది. మౌనయ్య బండ ఆమెకు ఎదురుగా ఉంది. నాలుగడుగులు వేసి వంగితే అయిపోతుంది.

ఆమె చప్పట్లు కొట్టింది. ఆయన తిరగలేదు. గులకరాయి తీసి విసిరింది. అది ఆయన వీపుకు తగిలింది. ఆయన తిరిగి చూసి, వేలు ఆడించి బెదిరించి, మళ్ళీ ఫోనులోకి దిగిపోయాడు. రావమ్మ ఒకసారి బండ వైపు చూసింది. తరవాత నోరు తెరిచింది.

"అన్నో! బుల్లయ్యన్నో! పేలుద్ది, ఇటు పరిగెత్తు!"

మేకల్ని తోలిన గొంతు అది. బుల్లయ్య ఎగిరిపడి పరిగెత్తుకొచ్చాడు. ఆయన నిలబడ్డ అంచు ఫోనుతో సహా క్వారీలోకి కూలిపోయింది. దుమ్ము కమ్మేసింది. ఆయన ఆమె కాళ్ళ దగ్గర బోర్లాపడి చాలాసేపు దగ్గాడు. ఊపిరి తిరిగాక తలెత్తి చూశాడు. ఆమె గడ్డం, జాకెట్టు తడిసి ఉన్నాయి.

"నీళ్ళు పోయినయ్యి గదే," అన్నాడు.

"పోయినయ్యి అన్నా. నువ్వు ఇక్కడే కూచో, నేను ఒక్క ఉరుకున దిగి మళ్ళీ పట్టుకొస్తా. ఎవరికీ చెప్పబాక."

"అట్టెట్టా కుదురుద్దే? సాక్షిని నేను. మౌనయ్య కొండ మీద నిలబడి అబద్ధం చెప్పమంటావా?"

బుల్లయ్య అబద్ధం చెప్పలేదు. కింద మైకు పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫోను మాట్లాడుతూ తాను అంచుకు పోవడం, సైరన్ వినకపోవడం, ఆమె అరవడం, తాను బతకడం, నీళ్ళు పోవడం. జనంలోంచి బడి టీచరు శ్రీదుర్గ లేచి అడిగింది. "ఆవిడ అరిచింది మీ కోసమే కదండీ? అది నోరు తెరిచినట్టు ఎలా అవుతుంది?"

దానికి జానకిరామయ్య గారు జవాబిచ్చారు. "నియమం నియమమేనమ్మా. తిరనాళ్ళ రోజున పేలుళ్ళు లేవన్నారు కదా, మరి సరిగ్గా ఆ సమయానికే ఎందుకు పేలింది? అపరాధి చేత నోరు తెరిపించడానికి కాక ఇంకెందుకు?"

ఆ మాట జనానికి నచ్చింది. కొందరు చేతులు జోడించారు.

"నా ప్రాణం కాపాడింది, కాదనను," అన్నాడు బుల్లయ్య. "ఆ రుణం ఇప్పుడే తీరుస్తా. దాని దొంగతనం సంగతి దానిదే. నా ప్రాణానికీ దేవుడి కన్నుకూ ఏం సంబంధం?"

పళ్ళెంలో అరటిపళ్ళు, పసుపు రంగు చీర పెట్టి అందరి ముందూ ఆమె చేతికిచ్చాడు. చప్పట్లు కొట్టారు. అదే పళ్ళెంలో ఆమె గుడి గేటు తాళాలు పెట్టేయాల్సి వచ్చింది. వెనక నుంచి ఎవరో గొంతు మార్చి అడిగారు. "దాహమేసిందా రావమ్మా?"

ఆ సాయంత్రం హారిక ఫోను చేసింది.

"అమ్మా, ఒక్క నిమిషం నోరు మూసుకోలేకపోయావా?"

"మనిషి చచ్చిపోతాడే."

"చస్తే? నిన్ను దొంగన్నది ఆయనేగా! ఆయన బతికి చీర పెట్టాడు, నేను ఇక్కడ అత్తయ్య చేత మాటలు పడతన్నా. నా కోసమైనా మూసుకోవాల్సిందమ్మా."

రావమ్మ ఫోను పెట్టేసి, కొత్తగా అల్లించిన నులకమంచం ఎత్తి గోడకు నిలబెట్టింది.

పురుడు మార్టూరులోనే పోశారు. మగపిల్లవాడు. రావమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మంలో అచ్చాయమ్మ అడ్డంగా నిలబడింది. "బిడ్డకి వెండి మొలతాడు కట్టాం వదినా. నువ్వు లోపలికి రాకు. ఏదన్నా కనపడకపోతే నీ పేరే వస్తది, నీకే చెడ్డ." ఆ మాట మర్యాదగానే చెప్పింది. బాలింతకు పెట్టడానికి రావమ్మ తెచ్చిన కాయం ఉండల డబ్బా తీసుకుని తలుపు వేసింది.

అప్పట్నుంచి ఆమెకు మిగిలింది ఒక్కటే. వచ్చే పుష్య అమావాస్య. రెండోసారి ఎక్కడం. గుడి పని పోయింది కాబట్టి కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తుంచే తొడాల కూలికి వెళ్ళేది. అక్కడ ఘాటుకు ఆడవాళ్ళంతా ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుంటారు. రావమ్మ బుల్లయ్య పెట్టిన పసుపు చీర చించి కట్టుకునేది. నోరు కట్టుకున్నాక మాట్లాడడం కష్టం. ఆమె ప్రయత్నించేది కూడా కాదు.

వానలు పడ్డాక బుల్లయ్య చేలో మిరప నారు పోశారు. గుడి వెనక పూలగుంటలో కుళ్ళిన ఎరువు ఏటా ప్రెసిడెంటు చేనుకు వెళ్ళడం రివాజు. కలుపు తీసే ఖుర్షిదా వేళ్ళకు మట్టిలో బొమ్మ చేప లాంటిది తగిలింది. కడిగి చూస్తే వెండి కన్ను. వెనక్కి మైనం, మైనంలో ఒక బంతి రేకు అతుక్కుని ఉన్నాయి. అంటే పూలతో పాటు పూజారి గారి చేతిలోనే ఊడి బుట్టలో పడింది. ఖుర్షిదా దాన్ని బుల్లయ్య భార్యకు ఇచ్చింది.

మర్నాడు పొద్దున మౌనయ్యకు రెండు కళ్ళూ ఉన్నాయి. మౌనయ్య తన కన్ను తానే తెచ్చుకున్నాడని రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చారు. ఖుర్షిదా నోరు ఊరుకోక తొడాలు తీసే చోట చెప్పింది. రావమ్మ ఆ గుడ్డ మెడలో వేలాడుతుండగానే గుడికి పరిగెత్తుకొచ్చింది.

"పూలగుంటలో ఎరువులో దొరికిందంటగా అన్నా! ఇంకేం, నేను తీయలేదనేగా!"

"ఆ గుంటలో పూలు పారబోసేది ఎవరే?" అన్నాడు బుల్లయ్య.

"నేనే."

"మరింకేం. తీశావు, భయమేసి పారేశావు."

"బుట్టలోకి ఎత్తేది అయ్యగారు గదా! అయ్యగారూ, మీరు చెప్పండి. నేను గడప దాటతానా?"

జానకిరామయ్య గారు హారతి పళ్ళెం తుడుచుకుంటూ అన్నారు. "దేవుడు తన కన్ను తాను తెచ్చుకున్నాడు. ఇందులో మనుషుల ప్రసక్తి లేదు. వెళ్ళు రావమ్మా, భక్తులున్నారు."

కాబట్టి ఫ్లెక్సీ మీద దేవుడి మహిమ, జనం నోట రావమ్మ దొంగతనం. ఒకే కన్నుకు రెండూ సరిపోయాయి. "అమావాస్యకు ఎక్కుతాగా," అంది రావమ్మ మెట్ల మీద నిలబడి. "అప్పుడు చూద్దాం."

దసరా వెళ్ళాక కొండలో మిగిలిన సగం కూడా లీజుకు వచ్చింది. ఊరు అడ్డం చెప్పకుండా ఉంటే గుడికి రాతి మంటపం కట్టించి, మౌనయ్య బండను భద్రంగా దింపి అందులో నిలబెడతామన్నారు క్వారీ వాళ్ళు. కమిటీ ఊరిని సమావేశపరిచింది. కొందరు ముసలివాళ్ళు గొణిగారు. బుల్లయ్య లేచాడు.

"కొండయినా గుడయినా మౌనయ్యే. పేరు ఒకటే, దేవుడూ ఒకడే. ఆయన గుడిలో ఉండగా కొండ ఏంది? రాయి. మెట్లెక్కలేక ముసలీముతకా అల్లాడతన్నారు. బండ కిందికొస్తే అందరికీ దర్శనం."

జానకిరామయ్య గారు దానికి శాస్త్రం చెప్పారు. గుంపులోంచి రావమ్మ ఒక్కతే అరిచింది. "పుష్య అమావాస్య దాకా ఆగండయ్యా! ఆ తరవాత ఏమన్నా చేసుకోండి!" అందరూ తిరిగి చూశారు. ఎవరో "దొంగకి కొండ కావాలంట" అన్నారు. నవ్వుల మధ్య తీర్మానం అయిపోయింది.

బండను క్రేనుతో దింపి, లారీ మీద మేళంతో ఊరేగించారు. ఆ వారమే పైన కోత మిషన్లు దిగాయి. దిమ్మెలు దిమ్మెలుగా కోసిన కొండ లారీల మీద మార్టూరు యూనిట్లకు వెళ్ళింది. హారిక అత్తకు తెలియకుండా అప్పుడప్పుడూ ఫోను చేసేది. ఒకసారి మాటల మధ్యలో చెప్పింది. "ఈయన మన మౌనయ్య కొండ రాయే తెచ్చి గుమ్మంలో మెట్టు వేయించాడమ్మా. నల్లగా అద్దంలాగా ఉంది. బాబు దాంట్లో మొహం చూసుకుంటాడు."

పుష్య అమావాస్య వచ్చింది. కొత్త మంటపం, కొత్త మైకులు. రావమ్మ తలంటు పోసుకుని కమిటీ ముందు నిలబడింది.

"నాకు రెండోసారి ఉంది. ఎక్కుతా."

"ఎక్కడికెక్కుతావే? కొండేది?" అన్నాడు బుల్లయ్య.

"బండ ఇక్కడే ఉందిగా. గుడి చుట్టూ ఎన్నిసార్లు తిరగమంటే అన్నిసార్లు నీళ్ళు పట్టుకుని తిరుగుతా. తిరిగి బండ కాడ వదులుతా."

"ప్రమాణం కొండెక్కితేనే. కొండ లేదు, ప్రమాణమూ లేదు."

"కొండయినా గుడయినా మౌనయ్యే అంటివిగా అన్నా? పేరు ఒకటే, దేవుడూ ఒకడే అంటివిగా?"

"అది దేవుడి సంగతి," అన్నాడు బుల్లయ్య. "ఇది నీ సంగతి. పో, పక్కకి జరుగు, జనం ఉన్నారు."

రావమ్మ పూజారి వంక చూసింది. ఆయన తీర్థం ఇస్తున్నారు. ఆమె బావి దగ్గరికి వెళ్ళి చేద వేసింది. నోటినిండా నీళ్ళు పట్టింది. ఎవరి వైపూ చూడకుండా గుడి దాటి, అంగళ్ళు దాటి, రోడ్డెక్కి మార్టూరు బస్సు ఆపింది. కొండ ఎక్కడికి వెళ్ళిందో ఆమెకు తెలుసు.

ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్ కోసం కండక్టరుకు ఆధారు కార్డు చూపించింది. "ఎక్కడికమ్మా? కార్డు సరే, ఊరు చెప్పు, టికెట్ కొట్టాలి." ఆమె చేత్తో ముందుకు చూపించింది. "మూగదానివా?"

"మూగా పాడా! గుండ్లమిట్ట రావమ్మ," అంది తిరనాళ్ళ నుంచి వస్తున్న ఒకామె. "కూతురుంది మార్టూరే, అక్కడికి కొట్టు. ఏమే, నోట్లో ఏందే అది? మళ్ళీ కన్నా?"

బస్సంతా నవ్వింది. రావమ్మ బుగ్గలు బిగించి కమ్మీ పట్టుకుని నిలబడింది. గుంటలో చక్రం పడినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకునేది.

అచ్చాయమ్మ గుమ్మంలోనే ఉంది, మనవణ్ణి చంకనేసుకుని. రావమ్మ వాణ్ణి చూడడం అదే మొదటిసారి. వాడు ఆమెను చూసి చెయ్యి చాపాడు.

"ఏం వదినా, చెప్పాపెట్టకుండా?" అంది అచ్చాయమ్మ. "అడుగుతుంటే పలకవేం?"

రావమ్మ మెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వంగి, నల్లరాతి మీద నోట్లో నీళ్ళన్నీ వదిలింది. చేత్తో మూతి తుడుచుకుని తలెత్తింది.

"చూడు వదినా. మింగలా. కారలా. ఊరి కాణ్ణుంచి తెచ్చా. ఇది మౌనయ్య రాయే…"

"ఓరి నాయనో! అమావాస్య పూట గుమ్మంలో ఉమ్మేసింది!" అని అచ్చాయమ్మ కేకపెట్టింది. పిల్లవాడు బెదిరి ఏడ్చాడు. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. "చూడండమ్మా, పిచ్చిదో మాయదో! మా పసివాడి మీద దిష్టి నీళ్ళు పోయడానికొచ్చింది!"

హారిక లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

"చెప్పవే," అంది రావమ్మ. "ఇది మన కొండ రాయేనని చెప్పవే. నువ్వేగా చెప్పింది. నీళ్ళు తెచ్చానే. చూడు, ఇంకా ఉన్నయ్యి."

హారిక తల్లిని చూసింది. అత్తను చూసింది. అత్త చంకలో ఉన్న కొడుకును చూసింది. లోపలికి వెళ్ళి గుడ్డ తెచ్చి, మెట్టు మీద వంగింది.

పాలిష్ పట్టిన రాయి నీళ్ళు పీల్చదు. ఒక్క తుడుపుకే పోయాయి.

"వెళ్ళమ్మా," అంది హారిక, గుడ్డ పిండుతూ. "బస్సు పోద్ది."